రెండో బ్రేకు

ఆ వేసవిలో మా నాన్నకి చూపు పోయింది, మా అమ్మ కారు నేర్చుకుంది. ఈ రెండిటి మధ్యా, పక్క సీట్లో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది నేను.

నాన్నది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్దదేమీ కాదు. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, గుమ్మం ముందు ఒక తెల్ల కారు. ఆ కారులో నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి చేతులెత్తేసినా పక్కనున్న మాస్టారు బండి ఆపెయ్యగలడన్నమాట. ఊళ్ళో అందరూ నాన్నని ధైర్యం మాస్టారు అనేవాళ్ళు. స్టీరింగ్ చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళని, వేరే స్కూళ్ళు దణ్ణం పెట్టి పంపేసినవాళ్ళని ఆయన ఏరికోరి చేర్చుకునేవాడు. "తొక్కు, భయపడకు, నేనున్నాను." ఇదే ఆయన మంత్రం. ఆ గొంతుతో 'నేనున్నాను' అంటే రాయి కూడా లేచి నడిచేది.

లైసెన్సు తీసుకున్నవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చేవాళ్ళు. "మీరు పక్కనుంటే బాగానే నడుపుతాను మాస్టారూ, ఒక్కణ్ణే కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి" అనేవాళ్ళు. నాన్న మురిసిపోయి మీసం దువ్వుకునేవాడు. అది మురిసిపోవాల్సిన మాటేనా అని ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకసలే తోచలేదు, ఎందుకంటే ఆ బాపతులో మొదటిదాన్ని నేను. నాకు ఎప్పుడో లైసెన్సు వచ్చింది. నేర్పడానికి అర్హత పత్రం కూడా ఉంది. బోర్డు మీద రెండు పేర్లుంటే నిండుగా ఉంటుందని నాన్నే ఆ పరీక్ష రాయించాడు. కానీ ఆయన పక్కన లేకుండా వీధి చివరిదాకా బండి తీసిన పాపాన పోలేదు. ఫోన్లు ఎత్తడం, ఎవరు ఏ పూట రావాలో చెప్పడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం నా పనులు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, మా దగ్గర నేర్చుకుంటున్న నర్సమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుంది. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేసే మనిషి. పాఠం అవగానే ఉరుకులు పరుగుల మీద డ్యూటీకి పోయేది. ఆ రోజు కదల్లేదు. బయట నాన్న కారు బానెట్ మీద చెయ్యి వేసుకుని ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు.

"ఒక మాట చెప్పాలి మేడం. మాస్టారి దగ్గర అనకండి," అంది గొంతు తగ్గించి.

"ఏమైంది?"

"ఇందాక మార్కెట్టు మలుపులో 'పో, పో, ఖాళీయే' అన్నారు. ఎదురుగా తోపుడు బండి ఉంది. ఎదురుగా అంటే ముక్కుకి సూటిగా. నేనే ఆపాను. పైగా ఎందుకాపావని కోప్పడ్డారు."

"ఎండ కళ్ళలో పడిందేమో."

"ఎండ మా వెనకుంది." సంచీ భుజానికి తగిలించుకుంటూ నా వంక సూటిగా చూసింది. "కళ్ళు చూపించండి. ఇవాళో రేపో అనుకోకండి."

ఆ రాత్రి నుంచి నాన్నని దొంగచాటుగా చూడ్డం మొదలుపెట్టాను. టీ పోసుకునేటప్పుడు కప్పు అంచు మీద వేలు పెట్టుకుంటున్నాడు. పేపరు పక్కకి తిప్పి, కోడిపుంజులా ఒంటికన్నుతో చదువుతూ "ఈ మధ్య అచ్చు మరీ నాసిగా వేస్తున్నారు" అంటున్నాడు. వంటింట్లో అమ్మని కదిపితే, "నువ్విప్పుడు చూశావు. నేను చలికాలం నుంచీ చూస్తున్నా. అడిగితే మీద పడతారు," అంది.

పక్క ఊరి కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటి వెనక పొరలో నెత్తురు కారుతోందట. ఒక కన్ను ఎప్పుడో పాడైంది, రెండోదీ అదే దారి పట్టింది. అంచుల్లో చూపు ఉంటుంది, నడిమి చూపే పోతుంది. "ఎదుటి మనిషి ఎలా కనిపిస్తున్నారు?" అని అడిగితే నాన్న, "మొహం ఉండాల్సిన చోట ఎవరో బొటనవేలితో రుద్దేసినట్టుందండీ," అన్నాడు. ఆయనకి మా మొహాలు కనపడక ఎన్నాళ్ళయిందో.

నెలకోసారి కంట్లో ఇంజక్షన్ చేయించుకోవాలి, బండి తాళం మాత్రం ఇక ముట్టుకోకూడదు అంది డాక్టరమ్మ. నాన్న నవ్వి, "మీకు కారొచ్చా డాక్టరుగారూ? రాకపోతే మా దగ్గరకి రండి, వారంలో నేర్పేస్తా," అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

తిరుగు బస్సులో ఎవరో "మాస్టారూ!" అని పలకరించారు. నాన్న చిరునవ్వు నవ్వాడు కానీ తప్పు మనిషి వంక చూసి నవ్వాడు. పలకరించినవాడు తెల్లబోయి నా వంక చూశాడు. నాన్నకి అది కనపడలేదు గానీ ఆ నిశ్శబ్దం అర్థమైంది. మర్నాటి నుంచి ఆయన ముందు గదిలోకి రావడం మానేశాడు.

"జలుబని చెప్పు," అన్నాడు పడగ్గదిలోంచి.

ఫోను చేసిన వాళ్ళందరికీ జలుబనే చెప్పాను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. నడి వేసవిలో ఇంత పొడుగు జలుబేమిటని ఎవరైనా అడుగుతారేమోనని ముందే నాలుగు అబద్ధాలు అల్లి పెట్టుకునేదాన్ని. బయటికి వినబడకూడదని గొంతులు తగ్గించి మాట్లాడుకుంటూ, అందరం ఇంట్లో పిల్లుల్లా నడిచేవాళ్ళం. గది తలుపు చాటున నాన్న అందరికంటే నిశ్శబ్దంగా ఉండేవాడు. ఎవరైనా వస్తే తిండి కూడా తినేవాడు కాదు, ఒలికిపోతుందని.

నర్సమ్మకి జలుబు కథ చెప్పలేకపోయాను. ఆవిడే అంది, "అయితే మీరే నేర్పండి. బోర్డు మీద మీ పేరూ ఉందిగా."

ఆ పాఠం నాకు ఇప్పటికీ గుర్తే. నాన్న సీట్లో నేను. ఆయన శరీరం ఎన్నో ఏళ్ళుగా చేసిన గుంటలో నా ఒళ్ళు సరిగ్గా ఇమడలేదు. బండి కదిలింది మొదలు నా కాలు బ్రేకు మీంచి లేస్తే ఒట్టు. ఆవిడ ఒక సైకిలుని దాటబోతే తొక్కాను. కుక్క తోక ఊపితే తొక్కాను. ఖాళీ రోడ్డు మీద, ఏమో ఏం వస్తుందో అని తొక్కాను. బండి వెక్కిళ్ళు వచ్చినదానిలా ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరింది. నర్సమ్మ దిగి నుదురు తుడుచుకుంది.

"బండి నేను నడిపానా, మీరు నడిపారా?"

"ఏమనుకోకండి. మీ మీద నమ్మకం లేక కాదు."

"అది తెలుస్తూనే ఉందిలెండి," అంది జాలిగా. ఆ జాలి నన్ను ఎక్కువ గుచ్చింది.

కొత్తగా చేరతామన్నవాళ్ళకి నెల ఆగమని చెప్పేశాను. నేర్చుకుంటున్న మిగతా ఇద్దరూ చెప్పాపెట్టకుండా రైల్వే గేటు అవతలి స్కూలుకి పోయారు. ఇంజక్షన్ తేదీ దగ్గరపడింది. బస్సులో రానని నాన్న భీష్మించాడు. అద్దె కారు మాట్లాడదామంటే అదీ వద్దన్నాడు.

"ఊళ్ళో అద్దె కార్లు తోలేవాళ్ళంతా ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే," అంది అమ్మ కుట్టు మిషన్ మీద కర్టెన్ అంచు మడుస్తూ. "వాళ్ళ ముందు నా చెయ్యి పట్టుకుని దిగడం కంటే గుడ్డితనమే నయం అనుకుంటున్నారు. నువ్వు తీయవే బండి."

"నేనా? నాన్న లేకుండానా?"

"నాన్న వెనక సీట్లో ఉంటారుగా."

"పక్కన ఉండడం వేరమ్మా." నా గొంతు నాకే కీచుగా వినిపించింది. ఆ దారంతా కళ్ళకి కట్టింది. హైవే, లారీలు, రైలు వంతెన.

అమ్మ మిషన్ ఆపి దారం కొరికింది. "సరే. అయితే నాకు నేర్పు."

నేను నవ్వాననుకుంటా. గదిలోంచి నాన్న గొంతు వచ్చింది. చాలా రోజుల తరవాత ఆయన గట్టిగా మాట్లాడ్డం అదే.

"నీ వల్ల కాదోయ్! ఈ వయసులో నీకెందుకు?"

"అవుతుందో కాదో తొక్కితే తెలుస్తుంది," అని అమ్మ తలుపు వంక తిరిగి అరిచింది. "ఊళ్ళో పిరికివాళ్ళందరికీ నేర్పారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్కసారి కూర్చోమన్నారా?"

ఆ వారమే అమ్మకి నేర్చుకునేవాళ్ళ లైసెన్సు తీయించాను.

మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ మైదానం ఉంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మొదటి గేరులో నత్తలా నేనే కారు అక్కడిదాకా తెచ్చేదాన్ని. పక్కన అమ్మ కూర్చుంటే ఎలాగో తేగలిగేదాన్ని. తెచ్చాక చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. తరవాత సీట్లు మార్చుకునేవాళ్ళం.

అమ్మంత అధ్వాన్నంగా కారు నడిపినవాళ్ళని నాన్న కూడా చూసి ఉండడు. స్టీరింగ్‌ని పాలకుండలా గుండెకి ఆనించుకునేది. గేరు మార్చాలంటే రోడ్డు వదిలేసి గేరు వంక చూసేది. సిగ్నల్ వెయ్యడం మరిచిపోయి, కిటికీలోంచి తల పెట్టి "తిరుగుతున్నాను, తప్పుకోండి!" అని మైదానంలో మేకలకి చెప్పేది. బండి ఆగిపోతే "మొండి ముండా" అని తిట్టి, మళ్ళీ తాళం తిప్పి, "సరే సరే, నాదే తప్పు" అని డాష్‌బోర్డు నిమిరేది.

నేను బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ఒకరోజు మిల్లు గోడకి చాలా దూరంలోనే తొక్కేశాను.

"ఎందుకాపావు?" అంది.

"గోడమ్మా!"

"గోడ నాకూ కనపడింది. ఆపుదామనే అనుకుంటున్నా. నన్ను ఆపనిస్తేగా నువ్వు?"

"సమయానికి ఆపకపోతే?"

"నువ్వు ముందే ఆపేస్తుంటే, నేను ఆపుతానో లేదో నాకెలా తెలుస్తుంది? నీకెలా తెలుస్తుంది?"

మళ్ళీ అదే గోడ వైపు పోనిచ్చింది. మళ్ళీ తొక్కాను. కావాలని కాదు. కాలు నా మాట వినే దశ దాటిపోయింది.

పరీక్ష రోజున అమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని బయల్దేరింది. లైసెన్సు ఆఫీసు వెనక మట్టి దిబ్బ మీదుగా వేసిన చిన్న రోడ్డు ఉంది. ఎత్తు ఎక్కుతూ మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి విజిల్ ఊదాడు. నేను కుర్రాళ్ళ వరసలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. బండి ఎక్కింది, ఆగింది. తరవాత మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి జారుతూ వచ్చి ఇనప డ్రమ్ముని పొడిచింది. డ్రమ్ము పడి దొర్లుకుంటూ పోయిన మోత ఆఫీసు లోపలివాళ్ళని కూడా బయటికి రప్పించింది. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఎర్రచొక్కా వాడొకడు ఫోన్లో తీశాడు.

భూమి చీలితే బాగుండుననిపించింది. అమ్మ మాత్రం దిగి, తిన్నగా ఇన్‌స్పెక్టరు దగ్గరకి నడిచింది.

"ఎక్కడ తప్పు చేశానో చెప్పు బాబూ."

"మళ్ళీ రండమ్మా, ఇవాళ్టికి అయిపోయింది."

"వస్తాను. తప్పేంటో చెబితే దిద్దుకుని వస్తాను."

ఆయన్ని అలా అడిగినవాళ్ళు లేరేమో, గొడుగు దించాడు. క్లచ్ అందుకోకముందే చేతి బ్రేకు వదిలేశారని చెప్పాడు. అమ్మ ఇంకోసారి చెప్పించుకుంది. చేత్తో చేసి చూపించి, "ఇలాగేనా?" అని అడిగింది. వెనక కుర్రాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు. అమ్మ తిని, గిన్నెలు కడిగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నీకు సిగ్గెయ్యలేదా అమ్మా?"

"ఎందుకెయ్యదూ? చెవులు కాలిపోయాయి. ఆ ఎర్రచొక్కా వెధవ చెంప పగలగొడదామనిపించింది."

"మరి?"

"మరేంటి? వేసింది. కాసేపుంది, పోయింది. డ్రమ్ముకీ ఏం కాలేదు, నాకూ ఏం కాలేదు." కాళ్ళు ఒత్తుకుంటూ ఏదో ఆలోచించింది. "పరీక్ష పోతే చచ్చిపోతానేమోనని నాకూ ఉండేదే లోపల. పోయాక చూస్తే బాగానే ఉన్నా. ఆకలి కూడా వేసింది. రేపు ఆ చేతి బ్రేకు సంగతి చూడాలి."

గదిలోంచి దగ్గు వినిపించింది. తరవాత నాన్న గొంతు, మెల్లగా: "క్లచ్ అందుకుంటే బండి ముక్కు కొంచెం లేస్తుంది. అప్పుడు వదలాలి."

అమ్మ నా వంక చూసి కనుబొమలు ఎగరేసింది. "ఆ చెప్పేదేదో బయటికొచ్చి చెప్పండి," అంది.

ఆయన రాలేదు.

నెల వాయిదా వేయించిన ఇంజక్షన్ రోజు నాన్న నల్లద్దాలు పెట్టుకుని, వీధిలో ఎవరూ లేని క్షణం చూసి చెప్పమని, గబుక్కున వెనక సీట్లో దూరాడు. స్టీరింగ్ ముందు అమ్మ. పక్కన నేను. ముందురోజంతా నాకు నీళ్ళ విరేచనాలు. ఇద్దరిలో ఎవరు నడిపినా ప్రమాదమే అయినప్పుడు బ్రేకు దగ్గర నేనుండడమే నయమని నాకు నేను చెప్పుకున్నాను.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. నాన్న సీటు అంచున కూర్చుని ప్రతి చప్పుడికీ మెడ తిప్పుతున్నాడు. "ఏంటది? ఏం వస్తోంది? లారీయా?" ఆయన భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది నాకు. ధైర్యం మాస్టారు భయపడ్డం నేనెప్పుడూ వినలేదు. ఆ గొంతు విని నాకు ఇంకా భయం వేసింది.

రైలు వంతెన ఎక్కుతుంటే, సరిగ్గా సగంలో, ముందు బళ్ళన్నీ ఆగిపోయాయి. అమ్మ ఆపింది. అద్దంలో చూస్తే మా వెనక సిమెంటు లారీ, దాని ముందు భాగం మా వెనక అద్దం నిండా. ముందు బళ్ళు కదిలాయి. లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. అమ్మ క్లచ్ వదిలింది. ఇంజన్ ఆగిపోయింది. బండి వెనక్కి జారింది.

"బ్రేకు!" నాన్న అరిచాడు. అది అమ్మకి కాదు. "అమ్మడూ, కాలు పెట్టు! నువ్వు తొక్కు!"

"మీరిద్దరూ కాసేపు నోళ్ళు మూసుకోండి," అంది అమ్మ.

నేనేమీ అనలేదు మరి. బహుశా నా కాలుని చూసి అంది. అది అప్పటికే బ్రేకు మీద ఆనింది. నొక్కలేదు, ఆనింది. అమ్మ మొహం చూశాను. చెమట చుక్క గడ్డం దాకా వచ్చి వేలాడుతోంది. పెదవులు కదులుతున్నాయి, మేకలకి చెప్పినట్టే ఏదో తనకి తనే చెప్పుకుంటోంది. నా కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుని సీటు కిందకి దోపేసుకున్నాను. కళ్ళు మూసుకుందామనుకున్నాను కానీ అది మరీ అన్యాయమనిపించింది.

అమ్మ చేతి బ్రేకు లాగింది. బండి ఉలిక్కిపడి ఆగింది. తాళం తిప్పింది. లారీ హారన్ కొడుతూనే ఉంది. అమ్మ తొందరపడలేదు. బండి ముక్కు కొంచెం లేచింది. అప్పుడు వదిలింది. వంతెన ఎక్కాం, దిగాం.

ఇంజక్షన్ అయ్యాక నాన్న కంటికి పట్టీతో వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మ మందులకి వెళ్ళింది.

"వంతెన మీద," అన్నాడు కాసేపటికి, "కాలు పెట్టావా?"

"లేదు నాన్నా."

ఆయన చేతికర్ర నేల మీద ఇటూ అటూ రాస్తూ కూర్చున్నాడు. ఎవరెవరో మా ముందు నుంచి నడిచి పోయారు.

"నేనైతే పెట్టేవాణ్ణి," అన్నాడు.

"తెలుసు."

"నీకు నేర్పినన్నాళ్ళూ పెట్టే ఉంచాను." కర్ర ఒళ్ళోకి తీసుకుని, "మీ అమ్మ వస్తోందా చూడు," అన్నాడు.

ఆ తరవాత నేను మారిపోయానంటే అబద్ధమవుతుంది. మర్నాడు నర్సమ్మ పాఠం ఎగ్గొట్టడానికి పొద్దున్నుంచే సాకులు వెతికాను. బండెక్కి కాళ్ళు సీటు కిందకి దోపుకున్నాను. మార్కెట్టు మలుపులో ఆవిడ తప్పుగా తిప్పి పేవ్‌మెంటు ఎక్కించేసింది. నిజంగా అవసరమైనప్పుడు తొక్కాను కూడా, ఒక్కసారి. మిగతా తప్పులు ఆవిడే చేసింది, ఆవిడే సర్దుకుంది. దిగాక ఒళ్ళంతా నొప్పులన్నట్టు భుజాలు ఆడిస్తూ, "ఇవాళ మాత్రం నేనే నడిపాను," అంది. మొహం వెలిగిపోతోంది.

కారు చక్రంలో ఏదో కీచుమంటుంటే మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అమ్మకి కర్టెన్ల పని తొందరగా ఉంది. నాన్న సరేసరి. తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరైనా వచ్చి 'నేనున్నాను' అంటారేమోనని చూశానేమో కూడా. ఎవరూ రాలేదు. పక్క సీటు ఖాళీగా, చాలా వెడల్పుగా కనిపించింది. సగం దారిలో ఇంజన్ ఆగిపోయింది, వెనకవాళ్ళు తిట్టారు, నా చెవులు కాలిపోయాయి. మళ్ళీ తాళం తిప్పాను. మెకానిక్ షెడ్డు చేరాను. భయం ఎక్కడా దిగిపోలేదు. దారంతా నాతోనే వచ్చింది. వస్తే రానీ అనుకోవడం మాత్రం అప్పుడే కొత్తగా తెలిసింది. తిరిగి వస్తుంటే కూడా అంతే భయపడ్డాను. కానీ వచ్చాను.

అమ్మ రెండోసారీ పరీక్ష పోగొట్టుకుంది, ఈసారి సిగ్నల్ మరిచిపోయి. మూడోసారి ఇన్‌స్పెక్టరే "రండమ్మా, మీకోసమే చూస్తున్నా," అన్నాడట. పాసయింది. నర్సమ్మ అంతకు ముందే పాసయి, తన కారులో తనే ఒక్కతే వచ్చి చూపించి వెళ్ళింది.

తొలకరి జల్లులు పడుతున్న రోజుల్లో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఉన్న అంచు చూపు నిలబడుతుంది, పోయింది మాత్రం రాదు. నాన్న తలూపాడు. ఈసారి జోకులెయ్యలేదు. తిరుగు దారిలో అమ్మ నడుపుతోంది, నేను పక్కన, ఆయన వెనక. ఊళ్ళోకి వచ్చేదాకా కిటికీ అద్దం మీద వాన చప్పుడు వింటూ ఉన్నాడు. నేను ఆయన ఏడుస్తున్నాడేమోనని వెనక్కి తిరగడానికి భయపడుతున్నాను.

"ఏమోయ్," అన్నాడు అకస్మాత్తుగా, "పెద్ద వీధిలోకి వచ్చామా?"

"వచ్చాం. ఎందుకు?"

"సెలూన్ ఎదుట ఆపు."

అమ్మ రోడ్డుకి ఇవతల ఆపింది. సెలూన్ అవతల ఉంది. తలుపు తీసి ఉంది, లోపల ఎప్పుడూ ఉండే నలుగురూ ఉన్నారు. ఒకప్పుడు నాన్న ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేదీ వినేదీ అక్కడే. ఆయన గడ్డం తడుముకున్నాడు. అది చిందరవందరగా పెరిగి సన్యాసి గడ్డంలా ఉంది.

"నేను వస్తాను నాన్నా," అని తలుపు గడియ మీద చెయ్యి వేశాను.

"కూర్చో," అంది అమ్మ, నా వంక చూడకుండా.

నాన్న దిగాడు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చినుకుల్లో, కర్ర ముందుకి చాపి, పేవ్‌మెంటు అంచున నిలబడ్డాడు. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన ఒక అడుగు వేసి వెనక్కి తీసుకున్నాడు. ఇక తిరిగి వచ్చేస్తాడు, కారెక్కేస్తాడు, మళ్ళీ ఆ గదిలో తలుపేసుకుంటాడు అనుకున్నాను.

ఎవరో గొడుగు మనిషి పక్కనుంచి పోతుంటే నాన్న అటు తిరిగాడు. తగ్గించిన గొంతు కాదది. వీధంతా వినపడే పాత మాస్టారి గొంతు.

"బాబూ, నాకు కళ్ళు కనపడవు. కాస్త రోడ్డు దాటిస్తావా?"

ఎదురు సెలూన్లో కబుర్లు ఠక్కున ఆగిపోయాయి. లోపలివాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గొడుగు మనిషి నాన్న మోచెయ్యి పట్టుకుని దిగబోయాడు.

"ఆగు, ఆగు," నాన్న అతన్ని వెనక్కి లాగాడు. "రెండు వైపులా చూశావా నువ్వు? ఊరికే దూకేస్తావేం?"

ఇద్దరూ దాటారు. సెలూన్ వాళ్ళు ఆయన చుట్టూ మూగారు. నాన్న ఒక్కొక్కరి భుజం తడుముతూ, ఎవరు ఎవరో గొంతు విని పోల్చుకుంటున్నాడు. ఒకటి తప్పు చెప్పినట్టున్నాడు, అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అమ్మ ఇంజన్ ఆపేసింది. అప్పుడు చూశాను, స్టీరింగ్ మీద ఆవిడ చేతి కణుపులు తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలే విడదీసుకుని, ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంది.

"ఇక ఇప్పట్లో రారు," అంది. "కాసేపు నడుం వాలుస్తా. వస్తే లేపు."